కాకి తన్నిన సుధామయి

కెనడాలోని ఈ రెజైనాలో జూన్ నెల వచ్చిందంటే కాకులు మనుషులను తంతాయి. పిల్లలు గూళ్ళు వదిలి ఎగరడం నేర్చుకునే రోజులవి. చెట్టు కింద నుంచి వెళ్ళే ప్రతివాడూ వాటి కంటికి దొంగే. ఊళ్ళోవాళ్ళు ఎండలోనూ గొడుగు వేసుకుని నడుస్తారు, నవ్వుకుంటారు, తన్నించుకున్న వాళ్ళ ఫోటోలు ఒకరికొకరు పంపుకుంటారు. ఎవరూ భయపడరు. భయపడింది నేనొక్కదాన్నే, సుధామయి గారి నడినెత్తిన కాకి తన్నిన రోజు.

ఇద్దరం చెరువు గట్టున నడుస్తున్నాం. వెనక నుంచి వచ్చి తన్నింది, పోయినట్టే పోయి మళ్ళీ వచ్చి తన్నింది. ఆవిడ ముడి ఊడిపోయింది, పాపిట్లో గీత పడి నెత్తురు చిమ్మింది. నాకు గుండెల్లో రాయి పడ్డట్టయింది. ఆవిడేమో నవ్వుతోంది! "దానికీ పిల్లలున్నాయి శకుంతలా. తల్లన్నాక ఆ మాత్రం తన్నకపోతే ఎలా?" అని జుట్టు ముడేసుకుని నాకంటే ముందు నడిచింది.

సుధామయి గారంటే అంతే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. సొంతూరు పిఠాపురం. ఇంజినీరు భర్త రాఘవయ్య గారితో కొత్త పెళ్ళికూతురుగా ఈ మంచులోకి వచ్చిపడింది. ఆ తర్వాత ఉద్యోగమంతా ప్రభుత్వ ల్యాబులో, ఈ చుట్టుపక్కల ఊళ్ళ తాగునీళ్ళు పరీక్ష చేయడంలోనే గడిచింది. ఎవరింటికి వెళ్ళినా ఇచ్చిన గ్లాసు ముందు వెలుతురుకెత్తి చూసి గానీ తాగేది కాదు. మా ఇంట్లోనూ అలాగే చేస్తుంటే నాకు ఒళ్ళు మండేది. "మీకు విషం పెట్టేంత తీరిక నాకు లేదు లెండి" అనేదాన్ని. రాఘవయ్య గారు పోయాక, పిల్లలు లేని ఆ ఇంట్లో ఒక్కతే అయిపోయింది. బేస్‌మెంట్ చదువుకునే పిల్లలకు అద్దెకిచ్చి, వాళ్ళకు అప్పుడప్పుడూ పప్పుచారు కాచిపెడుతూ కాలక్షేపం చేసేది.

మా గోదావరి జిల్లాల్లో కాకి తలమీద తన్నిందంటే మృత్యువు తట్టి పోయినట్టే. దానికి విరుగుడు కూడా ఉంది. ఫలానా మనిషి పోయిందని తోబుట్టువులకు కబురు పంపుతారు. వాళ్ళు నిజమనుకుని గుండెలు బాదుకుని ఏడుస్తారు. ఏడ్చాక, లేదమ్మా బతికే ఉంది, కాకి తన్నిందని అసలు సంగతి చెబుతారు. ఆ ఏడుపుతో గండం గడిచిపోతుంది. మా నాయనమ్మకు అలాగే చేశారు, తొంభై దాటి బతికింది. కాకపోతే ఏడ్చేది రక్తం పంచుకున్న వాళ్ళై ఉండాలి. ఊళ్ళోవాళ్ళు ఎంత ఏడ్చినా గండానికి పట్టదు.

సుధామయి గారికి రక్తం పంచుకున్నది ఈ భూమ్మీద ఒక్కతే మిగిలింది, ఈ దేశంలోనే విండ్సర్‌లో ఉన్న చెల్లెలు దమయంతి. ఆ ఇద్దరికీ మాటల్లేవు.

కారణం పాతది. దమయంతికి నెలలు నిండుతున్న రోజుల్లో పిఠాపురంలో వాళ్ళమ్మ పోయింది. కబురు ముందు రెజైనాకే వచ్చింది, చిన్నదానికి నువ్వే చెప్పుకోమన్నారు. కడుపుతో ఉన్నదానికి చావు కబురు చెప్పకూడదు కదా, సుధామయి గారు దాచేసింది. దాచి ఊరుకున్నా బాగుండేది. వారం వారం ఫోన్ చేసి అమ్మ బాగుందని, నిన్ను వేళకు తినమంటోందని, బిడ్డకు ఉయ్యాల గుడ్డలు కుడుతోందని చెప్పుకుంటూ వచ్చింది. కూతురు స్వీటీ పుట్టాక గానీ నిజం బయటపడలేదు. అప్పటికి కర్మకాండలన్నీ అయిపోయాయి. దమయంతి పచ్చిబాలింత నోటితో ఒక్క మాట అంది: "అమ్మ కోసం ఏడ్చే ఏడుపు కూడా నాకు లేకుండా చేశావు. రేపు నువ్వు పోయినా నా కంట చుక్క రాదు, చూసుకో."

ఆ స్వీటీ ఇప్పుడు కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరు. పెద్దమ్మకు పండగకీ పబ్బానికీ తనే ఫోన్ చేస్తుంది. తల్లి మాత్రం ఆ ఫోన్ ముట్టదు.

కాకి తన్నిన సాయంత్రం నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను, విండ్సర్‌కు కబురు పంపిద్దామని. ఆవిడ గాయానికి పసుపు అద్దుకుంటూ నా వంక కూడా చూడలేదు. "దానికి మళ్ళీ చావు గురించి అబద్ధం చెప్పను శకుంతలా. చస్తే చస్తాను" అంది. ఆ మాట మీద నేను నోరు మూసుకున్నాను. నా నోరు మూతపడటం మా ఆయన కూడా ఎరగరు.

ఆ ఏడు బేస్‌మెంట్‌లో చాందిని అని ఒక పిల్ల ఉండేది. కరీంనగర్ నుంచి వచ్చింది. పొద్దున కాఫీ కొట్టులో పని, ఆ తర్వాత యూనివర్సిటీలో డిజిటల్ కళల చదువు. ఆ చదువేమిటో మాకు అర్థమయ్యేది కాదు. కంప్యూటర్లతో, కెమెరాలతో కదిలే బొమ్మలు చేస్తారని మాత్రం తెలుసు. ఒకరోజు భోజనాల దగ్గర నేనే ఈ కాకి సంగతి, కబురు సంగతి, నాయనమ్మ సంగతి వరసగా చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా. ఆ పిల్ల చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తర్వాత మెల్లగా అడిగింది, "ఆంటీ, దీని మీద నేనొక వర్క్ చేస్తా. మీ ముఖం కావాలె, మీ గొంతు కావాలె. ఇస్తరా?"

చచ్చిన మనిషిగా చూపిస్తుందట! నేను కుదరదంటే కుదరదన్నాను. అపశకునానికి అపశకునం తోడా? సుధామయి గారు మాత్రం ఆలోచించి సరేనంది. ఇది అబద్ధం కాదంది. బొమ్మ అని అందరికీ తెలిసే చూస్తారు కదా అంది.

యూనివర్సిటీ గదిలో చుట్టూ కెమెరాలు నిలబెట్టి, మధ్యన కుర్చీ వేసి, కళ్ళు మూసుకుని కదలకుండా ఉండమన్నారు. తెల్లటి దీపాల వెలుగులో ఆవిడ ముఖం పాలిపోయింది. ముక్కులో దూది ఒక్కటే తక్కువ అనిపించింది నాకు. బయటికొచ్చి కూర్చున్నాను.

ఆ పని పేరు 'కబురు'. చూసేవాళ్ళు ఒక్కొక్కరే చీకటి గదిలోకి వెళ్ళాలి. గోడంత తెర మీద సుధామయి గారి ముఖం, కళ్ళు మూసుకుని. సుధామయి ఇక లేదని, ఏ దేశంలో చూపిస్తే ఆ దేశం భాషలో, ఒక గొంతు చెబుతుంది. ఆమె మజ్జిగలో ఇంగువ వేసేదని, గ్లాసు వెలుతురుకెత్తి చూసేదని, నవ్వితే ఎడమ బుగ్గ మాత్రమే సొట్టపడేదని చెబుతుంది. ఆఖరి మాట సుధామయి గారు తనంతట తాను చేర్చింది: ఒక చావును దాచిపెట్టి తన చెల్లెలికి ఏడుపు లేకుండా చేసింది, దాన్ని తిరిగివ్వడం ఆమెకు చేతకాలేదు. అక్కడితో గొంతు ఆగిపోతుంది. తెర కింద ఒక కెమెరా చూసేవాళ్ళ ముఖాన్నే గమనిస్తుంటుంది. కంట నీరు తిరిగిందా, తెర మీద ముఖం కళ్ళు తెరుస్తుంది. "ఎందుకా ఏడుపు? ఇక్కడే ఉన్నాగా" అంటుంది సుధామయి గారి సొంత గొంతుతో, తెలుగులో. ఏడవకపోతే కళ్ళు తెరవదు. కాసేపటికి దీపం ఆరిపోతుంది.

మరుసటి వసంతంలో ఆ పనికి అంతర్జాతీయ అవార్డు వచ్చింది. ప్రపంచంలో డిజిటల్ కళలు చేసేవాళ్ళంతా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసే అవార్డట. చాందిని మెట్ల మీద కూలబడి ఏడ్చింది. సుధామయి గారు పులిహోర కలిపింది. గెలిచిన పనులన్నీ కలిపి ఏడాది పాటు దేశాలు తిప్పుతారు. నెదర్లాండ్స్, సియోల్, లిస్బన్, తర్వాత మన మాంట్రియల్, విండ్సర్, చిట్టచివర రెజైనా.

విండ్సర్ పేరు వినగానే ఆవిడ చేతిలో గరిటె ఆగడం నేను చూశాను.

ఆ ఎండాకాలమే ఆవిడకు ఆయాసం మొదలైంది. చెరువు గట్టున సగం దూరానికే కూర్చునేది. గుండె కొట్టుకుంటోంది గానీ నెత్తుటిని సరిగ్గా తోయడం లేదని డాక్టర్లు అన్నారు, మందులు రాశారు, ఉప్పు మాన్పించారు. ఆ సంగతి విండ్సర్‌కు చేరకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. జాలితో వచ్చే ఫోన్ నాకొద్దంది.

ప్రదర్శన సియోల్ చేరేసరికి చాందిని ఆవిడ ఫోన్‌లో ఏదో పెట్టింది. ఎక్కడ ఎవరు ఏడ్చి తెర మీద కళ్ళు తెరిపించినా ఇక్కడ ఫోన్ బుర్రుమంటుంది. సరదాకే పెట్టింది, పాపం. మొదట్లో మాకూ సరదాగానే ఉండేది. "ఎవరో కొరియా తల్లి ఏడ్చింది, ఇంకో పూట బతుకుతా" అనేది ఆవిడ, నేను చీవాట్లు పెట్టేదాన్ని.

కానీ రానురాను నాకు ఆ ఇంటికి వెళ్ళాలంటే వెన్నులో చలి పుట్టేది. ఆవిడ సోఫాలో కళ్ళు మూసుకుని ఉండేది, గుండెల మీద ఫోన్ పెట్టుకుని. పిలిస్తే పలికేది కాదు. భుజం తట్టినా కదిలేది కాదు. ఉన్నట్టుండి ఫోన్ బుర్రుమనేది. అప్పుడు కళ్ళు తెరిచేది. తెరిచి, "వచ్చావా శకుంతలా, తిన్నావా?" అనేది. ఒకసారా రెండుసార్లా, నేను వెళ్ళినప్పుడల్లా అంతే. తెర మీది బొమ్మ ఈవిడలా చేస్తోందో, ఈవిడే ఆ బొమ్మలా అయిపోతోందో నాకు తెలియలేదు. ఆ ఫోన్ తీసి మంచులో పారేయాలనిపించింది. పెరటి పైన్ చెట్టు మీద కాకి ఒకటి ఉండేది. శీతాకాలం వస్తే కాకులన్నీ దక్షిణానికి పోతాయి ఇక్కడ. అది పోలేదు.

ఒకరోజు కడిగేశాను. కాకి తన్నితే నమ్మనని నవ్విన మనిషి, ఊరూ పేరూ లేనివాళ్ళ ఏడుపులు లెక్కపెట్టుకుంటూ బతకడమేమిటని అడిగాను. పరాయివాళ్ళ ఏడుపు గండానికి పట్టదని కూడా అనేశాను, నా నోరు మండ.

ఆవిడకు కోపం రాలేదు. "నాకు కాకి మీద నమ్మకం లేదు శకుంతలా. నా చెల్లెలి మీద ఉంది. అది విండ్సర్‌లో నా ముఖం చూస్తుంది. చూస్తే ఏడుస్తుంది. ఏడిస్తే నాకు తెలుస్తుంది. అంతకంటే నాకేం అక్కర్లేదు" అంది.

ఫిబ్రవరిలో ప్రదర్శన విండ్సర్ చేరింది. స్వీటీతో నేనే మాట్లాడాను. తల్లిని తీసుకెళ్తానని, రాదేమో అనుకున్నాను గానీ అడగగానే పట్టుచీర తీసిందని ఇంగ్లీషులో చెప్పి నవ్వింది ఆ పిల్ల. శనివారం మధ్యాహ్నం అనుకున్నారు.

ఆ శనివారం ఇక్కడ చలి ఎముకలు కొరుకుతోంది. సుధామయి గారు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, కిటికీ పక్కన కూర్చుంది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. చాందిని కింద నుంచి వచ్చి పక్కన కూర్చుంది. బయలుదేరామని, చేరామని, అమ్మ లోపలికి వెళ్ళిందని స్వీటీ మెసేజీలు నా ఫోన్‌కు వస్తున్నాయి. ఒక్కొక్కరినే పంపుతారు కాబట్టి స్వీటీ తలుపు బయటే ఉండిపోయింది.

మేం ముగ్గురం ఆ ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాం. నేను ఎరిగిన దేవుళ్ళందరికీ మొక్కాను. కాచిన టీ ఎవరూ ముట్టలేదు. ఫోన్ బుర్రుమనలేదు.

స్వీటీ మెసేజ్ వచ్చింది. అమ్మ బయటికి వచ్చింది, ఏం మాట్లాడటం లేదు, ఇంటికి పోదాం అంటోంది. సుధామయి గారు నా ముఖం చూసే గ్రహించింది. తన ఫోన్ బోర్లించి బల్ల మీద పెట్టింది.

"దమయంతి మాట నిలబెట్టుకుంది శకుంతలా" అంది. నవ్వింది కూడా, ఎడమ బుగ్గ సొట్టపడింది. నాకు ఆ విండ్సర్ ఆవిడ మీద పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్నే.

మర్నాటి నుంచి సుధామయి గారు మందులు వేసుకుంది, గంజి తాగింది, అడిగినదానికి జవాబిచ్చింది. ఫోన్ మాత్రం ముట్టలేదు. విండ్సర్‌లో ఎవరో ఏడుస్తూనే ఉన్నారు, ఫోన్ బల్ల మీద బుర్రుమంటూనే ఉంది, ఆవిడ కళ్ళు మూసుకునే ఉండేది. ఆ వారం గడవకుండానే ఒక ఉదయం చాందిని పైకొచ్చి పిలిస్తే పలకలేదు. ఫోన్ బుర్రుమన్నా పలకలేదు.

కబురు విండ్సర్‌కు నేనే చెప్పాను. ఈసారి నిజం కబురు. స్వీటీ ఏడ్చింది. వెనక నుంచి దమయంతి గొంతు ఏమీ వినిపించలేదు. రాదులే అనుకున్నాను.

వచ్చింది.

అంత్యక్రియల హాల్లో, ఇక్కడి పద్ధతిలో, మూత తెరిచిన పెట్టెలో పడుకోబెట్టారు సుధామయి గారిని. ముఖానికి పౌడరు, పెదాలకు రంగు. అచ్చం ఆ తెర మీది ముఖమే. ఆవిడ ఫోన్‌లోని నంబర్లు చూసి నేనే అందరికీ కబుర్లు పెట్టాను కాబట్టి అది నా చేతిసంచిలోనే ఉండిపోయింది. దమయంతి గారు కోటు విప్పి కూతురి చేతికిచ్చి, పెట్టె దగ్గరికి వచ్చి నిలబడింది. అవే కనుబొమలు, అదే నుదురు. నేను తయారుగా ఉన్నాను. నాలుగు మాటలు దులిపి గానీ వదలకూడదని ముందే అనుకున్నాను.

ఆమె కొంగు తీసి ముఖం నిండా కప్పుకుంది. కణతల దగ్గర రెండు చేతులతో అదిమి పట్టుకుంది. మన ఆడవాళ్ళు ఎలా ఏడుస్తారో అలా, చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం ఎగిసిపడుతూ. నేను అనదలచుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

కాసేపటికి కొంగు లోపలి నుంచే అంది. "అక్కడా ఇలాగే ఏడ్చానండీ. కొంగు కాస్త తొలగించి చూసేసరికి దీపం ఆరిపోయింది. ఊరందరికీ తెరిచిందట కళ్ళు. నాకు తెరవలేదు. అక్క నన్ను క్షమించలేదనుకుని, ఏ ముఖంతో ఫోన్ చేయను అనుకుని..."

నా పక్కనున్న చాందిని ముఖం తెల్లబోయింది. ముందుకు వచ్చి ఆమె మోచేయి పట్టుకుంది. "ఆంటీ, అక్కడ గూడ ఇట్లనే కొంగు కప్పుకున్నరా?" అని అడిగింది. దమయంతి గారు తలూపింది. ఆ పిల్ల చెప్పింది. "కెమెరాకు ముఖం కనబడాలె ఆంటీ. కంట్ల నీళ్ళు కనబడితేనే కళ్ళు తెరుస్తది, ఇక్కడ సుధామయి ఆంటీ ఫోన్ మోగుతది. మీరు కొంగు చాటున ఏడ్చిన్రు. అది చూడలే. ఆంటీకి కూడ తెల్వలే. మీరు ఏడ్వలేదనుకునే పోయింది. నా తప్పు ఆంటీ. మనోళ్ళ ముఖం పెట్టి చేసిన గని, మనోళ్ళు ఎట్ల ఏడుస్తరో యాదికి రాలే."

దమయంతి గారు ఆ పిల్లను తిట్టలేదు, కొట్టలేదు. మెల్లగా కొంగు వదిలేసింది. ముఖమంతా తడి, ముక్కు, పెదాలు, గడ్డం అంతా తడి. తుడుచుకోలేదు. పెట్టె అంచు పట్టుకుని వంగి, ఆ ముఖాన్ని అక్క ముఖానికి సూటిగా, జానెడు దూరంలో పెట్టింది.

"అక్కా, ఇదిగో, ఏడుస్తున్నాను. ఇటు చూడు" అంది.

అప్పుడు నా చేతిసంచిలో ఫోన్ బుర్రుమంది. విండ్సర్‌లో ఆ చీకటి గదిలో ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి ఏడ్చి ఉంటారు. అక్కడ ఆవిడ కళ్ళు తెరిచి, ఎందుకా ఏడుపు, ఇక్కడే ఉన్నాగా అని అంటూ ఉంటుంది. సంచిని రెండు చేతులతో గట్టిగా నొక్కి పట్టుకున్నాను, ఆ చప్పుడు వినపడకూడదని. దమయంతి గారికి వినపడనే వినపడింది. ఇంకాస్త వంగి, రెప్ప కూడా వేయకుండా అక్క కళ్ళ వంకే చూస్తూ ఎదురుచూసింది. హాలు వాళ్ళు మూత వేయడానికి వచ్చేదాకా అక్కడే ఉంది.